గుస్తావ్ హోల్స్ట్‌ను వినడం ఎలా: కర్ణాటక సంగీతం అలవాటైన శ్రోతకు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కొత్తగా వినబోయేవారికి బాహ్‌నో బీథోవెన్‌నో సూచించడం పరిపాటి. తాళజ్ఞానం కాస్తోకూస్తో ఉన్న తెలుగు శ్రోత మాత్రం ఇంగ్లండ్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ (1874–1934)తో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. ఆయన సంగీతంలో లయకు ఉన్న ప్రాధాన్యం మన చెవికి వెంటనే అందుతుంది. పైగా ఆయన సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలకూ, మహాభారతంలోని సావిత్రి కథకూ సంగీతం కూర్చినవాడు. అయితే మనల్ని పక్కదారి పట్టించగలిగేది కూడా ఈ రెండో విషయమే కనుక దానిని చివరకు ఉంచుకోవడం మంచిది.

వినే ముందు ఆయన జీవితం గురించి కొంత తెలిసి ఉండాలి. చెల్టెన్‌హామ్‌లో సంగీతకారుల ఇంట పుట్టిన హోల్స్ట్ పియానో విద్వాంసుడు కావలసినవాడు. కుడిచేతి నరాల బాధ ఆ దారి మూసేయడంతో ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదువాద్యం చేపట్టి, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదువుకుని, కొన్నేళ్లపాటు వాద్యబృందాలలో దానిని వాయిస్తూ జీవించాడు. 1905 నుంచి చనిపోయేదాకా లండన్ హామర్‌స్మిత్ ప్రాంతంలోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతం బోధించాడు. రచనకు మిగిలినవి వారాంతాలూ సెలవులే. ఆయనకు పేరు తెచ్చిన ‘ది ప్లానెట్స్’ పెద్ద వాద్యబృందానికి రాసినది కావడంతో, చేతి బాధ వల్ల పూర్తి స్వరలిపిని సిద్ధం చేయడానికి బడిలోని సహోద్యోగుల సాయం తీసుకోవలసి వచ్చింది.

‘ది ప్లానెట్స్’లో ఏడు భాగాలున్నాయి, మొత్తం సుమారు 50 నిమిషాలు. మొదటిసారే అంతా వినబోకండి, కుజుడి భాగం ‘మార్స్’ ఒక్కటే పెట్టుకోండి. ఆవర్తనానికి అయిదు అక్షరాలు గనుక ఖండజాతి లఘువు వేసినట్టు ఒక దెబ్బ, నాలుగు వేళ్ల లెక్కింపు వేస్తూ వినండి. తీగ వాద్యాలవారు కమాను వెంట్రుకలతో కాక దాని కర్రతోనే తీగలను తడుతూ ఒక నడకను అదేపనిగా వాయిస్తుంటారు. దానిని ‘తకిట – తా – తా – తక – తా’ అని నోటితో పలుకుతూ, ‘తకిట’ మొత్తం మొదటి అక్షరంలోనే ఇమిడేలా చూసుకుంటే మీ చెయ్యి వాద్యబృందంతో కలిసిపోతుంది. మధ్యలో వేగం తగ్గి అక్షరాల నిడివి మారినా అయిదు లెక్క పోదు. ముగింపులో మాత్రం గుద్దినట్టు వచ్చే స్వరగుచ్ఛాల (ఒకేసారి మోగే స్వరాల) మధ్య ఎడం సమంగా ఉండదు; అక్కడ తాళం తప్పిందని కంగారుపడనవసరం లేదు, స్వరకర్త ఉద్దేశమే అది. ఈ భాగం మెల్లగా మొదలై చెవులు దిమ్మెక్కేంత పెరుగుతుంది కాబట్టి ధ్వనిని మొదటి నిమిషాన్ని బట్టి కాక శిఖర స్థాయిని బట్టి సరిచేసుకోవాలి.

గ్రహాలనగానే ముత్తుస్వామి దీక్షితార్ నవగ్రహ కృతులు గుర్తుకు రావడం సహజం, కానీ ఆ పోలిక ఎక్కువ దూరం సాగదు. హోల్స్ట్‌కు జ్యోతిషం మీద ఆసక్తి 1913లో స్పెయిన్ ప్రయాణంలో మిత్రుడు క్లిఫర్డ్ బాక్స్ మాటల వల్ల కలిగింది. ఆయన రాసినవి స్తోత్రాలు కావు, ఒక్కో గ్రహానికి పాశ్చాత్య జ్యోతిషం ఆపాదించే స్వభావానికి సంగీత రూపాలు. ఇందులో సూర్యచంద్రులు, రాహుకేతువులు లేరు. యురేనస్, నెప్ట్యూన్ ఉన్నాయి. శుక్రుడు శాంతిని తెస్తాడు, గురుడు ఉల్లాసాన్ని, శని వార్ధక్యాన్ని. హోల్స్ట్‌కు అన్నిటికంటే ఇష్టమైనది ఆ శని భాగమే. అందుకే ‘మార్స్’ తరువాత నేరుగా ‘సాటర్న్’కు వెళ్లమంటాను. ఫ్లూట్లు, హార్పులు (వేళ్లతో మీటే పెద్ద తీగ వాద్యాలు) రెండే స్వరగుచ్ఛాలను మార్చిమార్చి వాయిస్తూ కాలం గడుస్తున్న భావన కలిగిస్తాయి. ట్రాంబోన్లు ప్రవేశించే చోట ఆ వాద్యం వాయించి బతికిన మనిషి చెయ్యి తెలుస్తుంది. ‘జూపిటర్’ నడుమ వచ్చే నిండైన పాటకు 1921లో ఒక దేశభక్తి గీతాన్ని జతచేశాక అది ఇంగ్లండ్‌లో ఇంటింటి పాట అయింది. నా మట్టుకు అది ఆ కృతిలో అత్యుత్తమ ఘట్టం కాదు.

చివరి భాగం ‘నెప్ట్యూన్’ వినడానికి మాత్రం పంకా కూడా ఆపి నిశ్శబ్దం చేసుకోండి. ఇందులో మాటలు లేని స్త్రీల బృందగానం వేదిక పక్క గదిలోంచి వినిపిస్తుంది. చివరి పాదాన్ని మళ్లీమళ్లీ పాడుతుండగా ఆ గది తలుపును నెమ్మదిగా మూయాలని స్వరలిపిలోనే సూచన ఉంది.

ఇప్పుడు సంస్కృతం సంగతి. పాతికేళ్లు నిండకముందే ఋగ్వేదం, రామాయణాల అనువాదాల మీద ఆసక్తి కలిగిన హోల్స్ట్, వాటి ఇంగ్లీషు నచ్చక, లండన్ యూనివర్సిటీ కాలేజీలో మేబెల్ బోడ్ దగ్గర సంస్కృతం చదివి సొంత అనువాదాలు చేసుకున్నాడు. వాటి నుంచి 1908–12 మధ్య ఋగ్వేద బృందగీతాలు నాలుగు సంపుటాలుగా వచ్చాయి. వీటిలో వేదస్వరం కోసమో, ఏదో ఒక రాగచ్ఛాయ కోసమో వెతికితే నిరాశ తప్పదు. ఆయన తీసుకున్నది అర్థాన్ని, భావాన్ని. బాణీలు పూర్తిగా ఆయనవి. స్త్రీల కంఠాలకూ హార్ప్‌కూ రాసిన మూడో సంపుటంతో మొదలుపెట్టండి. అందులో ఉషస్సు, జలదేవతలు, వేనుడు, బాటసారుల గురించిన నాలుగు గీతాలున్నాయి.

ఆ తరువాత వినవలసినది ‘సావిత్రి’, సుమారు అరగంట నిడివి గల ఒపేరా, అంటే పాటగా నడిచే నాటకం. 1908–09లో రాసిన దీనికి తొలి ప్రదర్శన 1916లో జరిగింది. పాత్రధారులు ముగ్గురే, వాద్యకారులు పన్నెండుమంది. ఆరుబయటో చిన్న మందిరంలోనో ప్రదర్శించాలని హోల్స్ట్ కోరాడు. ఏ వాద్యమూ తోడు లేకుండా మృత్యువు కంఠం దూరం నుంచి సావిత్రిని పిలుస్తుంది. ఆమె కంఠం వేరొక శ్రుతిలో దానితో పెనవేసుకుంటుంది. మొదటి రెండు నిమిషాలు ఈ శ్రుతిభేదాన్ని గమనించండి, ఆ ఇద్దరి సంబంధం అంతా అందులోనే ఉంది. కథ తెలిసినదే అయినా పాటల పాఠాన్ని కళ్లెదుట ఉంచుకుని వినాలి, ఎందుకంటే వరం ఘట్టాన్ని హోల్స్ట్ మార్చాడు. భారతంలో సావిత్రి నూరుగురు కొడుకులను కోరి యముణ్ణి ఇరుకున పెడుతుంది. ఇక్కడ ఆమె తనకు నిండైన జీవితం కావాలంటుంది, సత్యవంతుడు లేనిదే అది అసాధ్యమని చూపిస్తుంది. జానెట్ బేకర్ సావిత్రిగా పాడగా, స్వరకర్త కుమార్తె ఇమోజెన్ హోల్స్ట్ నిర్వహణలో 1965లో చేసిన రికార్డు దొరికితే అదే వినండి.

‘ఎగ్డన్ హీత్’ (1927)ను అన్నిటికంటే ఆఖరున పెట్టుకోవాలి. తన రచనల్లో ఉత్తమమైనదని హోల్స్ట్ భావించిన ఈ చిన్న కృతిలో పట్టుకోవడానికి పాట లేదు, వేయడానికి స్థిరమైన తాళం లేదు. ‘సాటర్న్’ మనసుకు పట్టినవారికే ఇది తెరుచుకుంటుంది. పట్టకపోతే కొన్నాళ్లు ఆగి, మళ్లీ ‘సాటర్న్’ విని దీని దగ్గరకు రండి.