పంచాయతీ సిబ్బందికి శిక్షణ: మండల స్థాయి అధికారులు మొదలుపెట్టవలసిన చోటు

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 వచ్చాక ఇంటిపన్ను వసూలు, పారిశుద్ధ్యం, నర్సరీ, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికించడం వంటి పనులకు గ్రామ పంచాయతీ నేరుగా జవాబు చెప్పవలసి వస్తోంది. వాటిలో ఎక్కువ భారం మోసేది కార్యదర్శి, అతని కింద పనిచేసే మల్టీపర్పస్ కార్మికులు. వీరిని జిల్లా కేంద్రంలో రెండు రోజుల తరగతికి పంపి, హాజరు పట్టీ దాఖలు చేసినంత మాత్రాన శిక్షణ పూర్తయినట్టు కాదు.

ముందుగా ఒక రోజు తెల్లవారుజామునే పంచాయతీకి వెళ్లి, ఎవరు ఏ పని చేస్తున్నారో, వారు సెలవు పెడితే ఆ పని ఎవరు చూస్తున్నారో రాసుకోవాలి. ఈ రెండో ప్రశ్నకు చాలాచోట్ల జవాబు ఉండదు. నేర్పవలసింది ఎవరికో అక్కడే తేలిపోతుంది.

తర్వాత పని జరిగే చోటే నేర్పాలి. నీటి ట్యాంకునే తీసుకుందాం. నేను చూసిన ఒక ఊళ్లో కార్మికుడు బ్లీచింగ్ పౌడర్‌ను పొడిగానే ట్యాంకులో గుమ్మరించి దిగివచ్చాడు. తప్పు అతనిది కాదు, అతనికి చేసి చూపించిన వారే లేరు. 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ అందుతుంది. ఆ లెక్కన 40 వేల లీటర్ల ట్యాంకుకు 160 గ్రాములు కావాలి. దాన్ని ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగి నీళ్లు వదలాలి. మొదటిసారి అధికారి చేసి చూపాలి, రెండోసారి కార్మికుడు చేస్తుండగా పక్కన నిలబడాలి, మూడోసారి అతని చేతనే కొత్తవారికి నేర్పించాలి.

వీధిదీపాల సంగతి వేరు. మల్టీపర్పస్ అన్న పేరుంది కదా అని శిక్షణ లేని మనిషిని స్తంభం ఎక్కించకూడదు. విద్యుత్ సిబ్బంది ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసేందుకు అనుమతి) తీసుకుని లైను ఆపించే దాకా ఎవరు ఒత్తిడి చేసినా ఆ పని ఆగవలసిందే.

కార్యదర్శులకు రికార్డుల శిక్షణ ఇచ్చేటప్పుడు నమూనా పత్రాలు పంచే బదులు, ఎవరి రిజిస్టర్లు వారినే తెచ్చుకోమనాలి. ఏవైనా పది ఇళ్లు ఎంచుకుని రసీదు పుస్తకం, ఏ ఇంటి నుంచి ఎంత పన్ను రావాలో రాసే డిమాండ్ రిజిస్టర్, నగదు పుస్తకం మూడూ సరిపోతున్నాయో లేదో వారి చేతనే సరిచూయించాలి. తేడా కనిపించగానే మెమో జారీ చేస్తే, వచ్చే నెల అంకెలన్నీ కాగితం మీద చక్కగా సరిపోతాయి, వసూలు మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల తెలియక జరిగిన పొరపాటుకు మొదటిసారి దిద్దుబాటే చాలు. సొమ్ము దాచుకున్న సందర్భం మాత్రం శిక్షణకు సంబంధించింది కాదు, దానికి విచారణే మార్గం.

బదిలీ అయిన కార్యదర్శి రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు, పెండింగు పనుల జాబితా రాసి ఇచ్చాకే రిలీవ్ చేయాలి.

నెల తిరిగాక చెప్పకుండా మళ్లీ ఆ ఊరు వెళ్లాలి. నీటిలో మిగిలిన క్లోరిన్‌ను చూసే క్లోరోస్కోప్ పరీక్ష ట్యాంకు దగ్గర కాక, ఊరి చివరి ఇంటి కుళాయి దగ్గర చేయాలి. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కనిపించకపోతే లోపం మోతాదులో ఉందా, పైపులైనులో ఉందా అన్నది కార్మికుడితో కలిసి వెతకాలి.