బొమ్మ సైనికులకు రంగు నిలిచేలా చేశాను

కవర్లలో చవగ్గా దొరికే చిన్న సైనికుల బొమ్మలతో టేబుల్ మీద రెండో ప్రపంచ యుద్ధం ఆట ఆడుతుంటాం. అవి మెత్తని పాలిథీన్ బొమ్మలు. తుపాకీ కాస్త వంగితే చాలు, అక్కడ రంగు పెచ్చులుగా రాలిపోయేది.

ముందు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో జిడ్డంతా రుద్ది కడిగాను. వంకరపోయిన తుపాకులను వేడినీళ్లలో ముంచి, వేళ్లతో నిటారుగా పట్టుకుని వెంటనే చన్నీళ్లలో పెడితే అలాగే బిగుసుకున్నాయి. ఆరాక, నీళ్లు కలిపిన ఫెవికాల్ పల్చగా పూశాను. పూసినప్పుడు తెల్లగా ఉన్నా, ఆరేసరికి కనిపించని పొరలా అతుక్కుంటుంది, బొమ్మతోపాటు వంగుతుంది. దాని మీద అక్రిలిక్ రంగు, చివర్లో మ్యాట్ వార్నిష్. అసలు కిటుకు ఆ ఫెవికాల్ పొరే!

సూపర్‌గ్లూ ఈ ప్లాస్టిక్‌ను సరిగ్గా పట్టదు. అందుకే బొమ్మను ఇనుప వాషర్ మీద నిలబెట్టి, అడుగుపలక అంచులు కప్పేలా ఎం-సీల్ ఒత్తి, తడి మీదే ఇసుక చల్లాను. ఇక పడిపోదు.

ట్యాంకులకైతే స్కేలు పట్టుకుని షాపుకెళ్లండి. సైనికుడు రెండున్నర సెంటీమీటర్లుంటే అది సుమారు 1/72 కొలత, అంటే అసలు సైజులో 72వ వంతు. షెర్మన్ ట్యాంకు అసలు పొడవు 6 మీటర్లకు కాస్త తక్కువ, కాబట్టి బొమ్మ 8 సెంటీమీటర్లుంటే సరిపోతుంది.