క్వేకర్ స్త్రీల చిత్రాలను ఎలా చదవాలి

విశాఖపట్నంలో విద్యార్థులతో గానీ, చదువరుల బృందంతో గానీ క్వేకర్ స్త్రీలపై చిన్న చిత్రప్రదర్శన పెట్టదలచిన వారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. క్వేకర్లంటే 17వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన, మిత్రుల సంఘమని పేరున్న క్రైస్తవ శాఖ వారు. వీరు పురోహితుడు లేకుండా మౌనంగా కూర్చుని ఆరాధిస్తారు. లోపలి నుంచి ప్రేరణ కలిగితే స్త్రీ అయినా పురుషుడైనా లేచి మాట్లాడవచ్చు. ఆ మాట్లాడే స్త్రీని ఈ బొమ్మ చూపిందా, దాచిందా అన్నదే ప్రతి చిత్రం ముందూ మనం వేసుకోవలసిన ప్రశ్న.

ముందుగా ఒక సాయంత్రం బృందాన్ని బీచ్ రోడ్డుకు తీసుకువెళ్లండి. అక్కడి విగ్రహాల్లో రెండు మూడింటిని ఎంచుకుని, ఆ వ్యక్తి నిలబడి ఉన్నారా, కూర్చున్నారా, చేతిలో ఏముంది, చనిపోయిన ఎన్నేళ్లకు విగ్రహం పెట్టారు అని రాసుకోమనండి. కన్ను ఇలా అలవాటుపడ్డాక అసలు చిత్రాలు తీయండి.

వెక్కిరింపు చిత్రాలతో మొదలుపెట్టడం మంచిది. 17వ శతాబ్దం చివర ఎగ్‌బర్ట్ వాన్ హీమ్స్‌కెర్క్ గీసిన క్వేకర్ల సమావేశంలో ఒక స్త్రీ బోర్లించిన తొట్టెమీద నిలబడి ప్రసంగిస్తుంది. నవ్వించడానికే గీసినా, ఆమె నోరు తెరిచి మాట్లాడుతున్నదన్న సత్యం అందులో మిగిలింది. స్త్రీ ప్రసంగాన్ని కుక్క వెనక కాళ్లమీద నడవడంతో పోల్చిన ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ మాట 1763 నాటిది. దాన్ని కూడా ఈ బొమ్మ పక్కనే పెట్టండి.

తరువాత ఆ స్త్రీల సొంత మాట వినిపించాలి. రాజుకు విధేయతా ప్రమాణం చేయడానికి నిరాకరించి, తన ఇంట్లో క్వేకర్ల సమావేశాలు జరగనిచ్చి జైలుపాలైన మార్గరెట్ ఫెల్, స్త్రీలు మాట్లాడడాన్ని బైబిలు ఆధారంగా సమర్థిస్తూ 1666లో పుస్తకం వెలువరించారు. క్వేకర్ల మాటలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. వారు ఎంత పెద్దవారినైనా ఏకవచనంతోనే పిలిచేవారు. మర్యాద కోసం మనం "మీరు" అని రాస్తే వారి ధిక్కారం మొత్తం మాయమవుతుంది. మన జిల్లా కోర్టులో ఒక సాక్షి న్యాయమూర్తిని "నువ్వు" అంటే గది ఎలా నిశ్శబ్దమైపోతుందో ఊహించుకుని, "నువ్వు" అనే రాయండి.

దుస్తుల విషయంలో నేనూ మొదట పొరబడ్డాను. ఫెల్ పేరు కింద బూడిదరంగు గౌను, బోనెట్ టోపీ వేసుకున్న బొమ్మ అతికించాను. ఆ బోనెట్ 18వ శతాబ్దం చివరికి గానీ రాలేదు. పైగా అందరూ ఒకే తీరు, ఒకే రంగు ధరించాలన్న పట్టుదలను ఫెల్ 1700లోనే తెలివితక్కువదని గట్టిగా విమర్శించారు.

19వ శతాబ్దంలో హేళన పోయి పూజ వచ్చింది. 1813లో లండన్‌లోని న్యూగేట్ జైలుకు వెళ్లి ఖైదీ స్త్రీల స్థితి చూసిన క్వేకర్ ఎలిజబెత్ ఫ్రై 1845లో మరణించగా, ఆమె అక్కడ చదివి వినిపిస్తున్న దృశ్యాన్ని జెర్రీ బారెట్ ఆ తరువాత చిత్రించారు. 2002 నుంచి 2017 వరకు చెలామణిలో ఉన్న ఐదు పౌండ్ల నోటుమీద కూడా ఆ చదివే ఫ్రైయే కనిపిస్తారు. చదవడం నిజమే. అయితే అధికారులతో వాదించి, పార్లమెంటు సంఘం ఎదుట సాక్ష్యమిచ్చిన ఫ్రై ఈ బొమ్మలో లేరు గనుక, ఆ సంగతిని పక్కన రాతలో మీరే చేర్చాలి.

అమెరికా పార్లమెంటు భవనంలోని 1921 నాటి పాలరాతి శిల్పంలో స్త్రీల హక్కుల కోసం పోరాడిన లుక్రీషియా మాట్, సూసన్ ఆంథనీ, ఎలిజబెత్ స్టాంటన్ ఉన్నారు. ముగ్గురినీ క్వేకర్లని రాయకండి, స్టాంటన్ క్వేకర్ కారు. ఈ శిల్పం 1997 దాకా కింది అంతస్తులోనే ఉండిపోయింది.

చివరి స్థానం మేరీ డయర్‌కు ఇవ్వండి. క్వేకర్ అయినందుకు బహిష్కరించినా అమెరికాలోని బోస్టన్‌కు తిరిగివచ్చినందుకు 1660లో ఆమెను ఉరితీశారు. అదే నగరంలో 1959లో వెలసిన ఆమె విగ్రహం తల వంచుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. దాన్ని అణకువ అనుకుని దాటిపోయేవారుంటారు. కానీ దాన్ని మలచిన శిల్పి సిల్వియా షా జడ్సన్ కూడా క్వేకరే. తన సంఘం ఆరాధనలో కూర్చునే భంగిమనే ఆమె డయర్‌కు ఇచ్చారు, లేచి మాట్లాడే ముందటి మౌనం అది. ఈ బొమ్మ కింద 1660, 1959 రెండూ పెద్ద అక్షరాల్లో రాసి, బీచ్ రోడ్డులో వేసిన ప్రశ్నలనే చూడవచ్చినవారిని మళ్లీ అడగండి.