ఆంత్రోపాలజీలో ఏ శాఖ మీదో తేలడం లేదా?

చెన్నైలో ఆంత్రోపాలజీలో, అంటే మనుషుల గురించి చదివే మానవశాస్త్రంలో, చేరిన మన తెలుగు పిల్లలకు మొదట్లో ఉండే టెన్షన్ ఒకటే: ఇన్ని శాఖలున్నాయి, వీటిలో నాది ఏది? నిర్వచనాలు బట్టీ పడితే అది తేలదు. మనింట్లో తెలిసిన ఒక విషయం తీసుకుని, దాని గురించి ఒక్కో శాఖ ఏం అడుగుతుందో రాసుకోండి.

మేనరికాన్నే తీసుకుందాం. ఈ పెళ్లిళ్లతో ఆస్తి, పుట్టింటి బంధం ఎలా నిలుస్తాయని సామాజిక శాఖ అడుగుతుంది. దానికి వంశవృక్షాలు గీయాలి, పెద్దవాళ్ల దగ్గర గంటలకొద్దీ కూర్చోవాలి. నాకైతే ఇందులో ఉన్నంత ఆనందం ఇంకెందులోనూ లేదు. పుట్టే పిల్లలకు జన్యువ్యాధుల ముప్పు ఎంత పెరుగుతుందో శారీరక శాఖ చూస్తుంది. అక్కడ ల్యాబ్, స్టాటిస్టిక్స్ తప్పవు. పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ ఎందుకయ్యారనేది భాషా శాఖ పని.

ఇక మిగిలిన పురావస్తు శాఖకు మాత్రం రాళ్లు, మట్టి పొరలు కావాలి. 1863లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పాత రాతియుగపు పనిముట్టును గుర్తించింది చెన్నై పక్కనున్న మన పల్లవరంలోనే. అలాంటివి ఎగ్మూరు మ్యూజియంలో ఉంటాయి, వెళ్లి చూడండి. శుక్రవారం మాత్రం సెలవు.

ఆప్షనల్ పేపర్ ఎంచుకునే ముందు సీనియర్లను అడిగి వాళ్ల ఫీల్డ్‌వర్క్ డైరీ ఒకటి చదవండి. ఆ శాఖలో రోజంతా చేసే పని ఏమిటో సిలబస్ కంటే అందులోనే బాగా తెలుస్తుంది.