జన్యువుల లెక్క – 4వ పాఠం: గులాబీ పురుగు బీటీని ఎలా గెలిచింది?

"పురుగు మందుకు అలవాటు పడిపోయింది" అని పత్తి రైతులు అంటుంటారు. నిజానికి ఏ పురుగూ అలవాటు పడదు. లొంగేది చస్తుంది, తట్టుకునేది మిగిలి పిల్లల్ని పెడుతుంది. దాంతో మొత్తం పురుగుల్లో ఆ జన్యువు వాటా పెరుగుతుంది. ఈ రోజు ఆ వాటాను లెక్కగడదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

బీటీ పత్తి అంటే ఒక బాక్టీరియా జన్యువు చేర్చి, పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా చేసిన పత్తి. పత్తి కాయను తొలిచే గులాబీ పురుగు దీనికి లొంగాలి. ఒక జన్యువుకు ఉండే రకాన్ని యుగ్మవికల్పం అంటాం, ప్రతి పురుగులోనూ రెండేసి ఉంటాయి. బీటీ విషానికి లొంగే యుగ్మవికల్పం 'ల', తట్టుకునేది 'త'. 'త' వాటా 0.1 అనుకుందాం. (మొదట్లో ఇంతకంటే చాలా తక్కువే ఉంటుంది, లెక్క తేలికవుతుందని తీసుకున్నాను.) పోయిన పాఠంలోని సూత్రం ప్రకారం (లల 0.9×0.9, లత 2×0.9×0.1, తత 0.1×0.1) 100 లార్వాల్లో లల 81, లత 18, తత 1. తట్టుకోవడం అంతర్గత లక్షణం, అంటే రెండూ 'త' అయితేనే బయటపడుతుంది, కాబట్టి తత మాత్రమే బతుకుతుంది.

పొలమంతా బీటీయే అయితే 99 చస్తాయి. 'త' వాటా ఒక్క తరంలోనే 0.1 నుంచి 1కి చేరుతుంది!

ఇప్పుడు గట్ల వెంట నాన్ బీటీ పత్తి వేద్దాం. అందులో 20 లార్వాలు, అన్నీ బతుకుతాయి. వాటిలో 40 యుగ్మవికల్పాలు, అందులో 'త' 4. బీటీలో మిగిలిన ఒక్కదానివి 2 కలపండి: 42లో 6, అంటే సుమారు 0.14. పైగా ఆ తతకు జోడీగా ఎక్కువగా దొరికేది లల. వాటి పిల్లలు లత, బీటీ కాయ తింటే చస్తాయి.

450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది ఇందుకే. చాలామంది వేయలేదు. రెండెకరాల రైతుకు పురుగు కోసం వరసలు వదలడమంటే కష్టమే, వాళ్లను తప్పుపట్టలేను. కానీ గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. శనగపచ్చ పురుగుకైతే కంది, శనగ, టమాటా చేలున్నాయి, అవే దానికి నాన్ బీటీ చేనులా పనిచేస్తాయి. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 2010 నాటికే గుజరాత్‌లో తట్టుకునే గులాబీ పురుగు బయటపడింది. ఆ తర్వాత మన చేలల్లోనూ గుడ్డిపూలు (ఈ పురుగు లోపల చేరడంతో విచ్చుకోని పూలు) కనబడ్డాయి. అమెరికాలోని అరిజోనాలో అదే పురుగు, అదే విషం. అక్కడ రైతులు నాన్ బీటీ వేశారు, 1996 నుంచి పదేళ్లపాటు బీటీ పనిచేస్తూనే ఉంది.

అభ్యాసం: నాన్ బీటీలో 20 బదులు 5 లార్వాలే ఉంటే 'త' వాటా ఎంత? 0.25 రావాలి. రాకపోతే, తతకు రెండు 'త'లు లెక్కేశారో లేదో చూసుకోండి.