పాత బైక్ ఆగట్లేదా, గుంతల్లో ఎగురుతోందా? లక్షణం నుంచి కారణం, కారణం నుంచి రిపేరు

ఇరవై ఏళ్లు దాటిన బైక్ బ్రేక్ వేస్తే మెల్లగా ఆగుతుంది, గతుకు వస్తే గుర్రంలా ఎగురుతుంది. అప్పుడు మన మనసు వెంటనే పెద్ద డిస్క్ మీదకీ, గ్యాస్ షాకబ్జర్ల మీదకీ పోతుంది. కానీ ఆ బైక్ కొత్తలో ఇలా ఉండేది కాదు. ఇన్నేళ్లలో స్ప్రింగులు కుంగాయి, ఆయిల్ నల్లబడింది, రబ్బరు గట్టిపడింది. ఇవేవీ సరిచేయకుండా కొత్త పార్టులు బిగిస్తే తేడా ఎక్కడొచ్చిందో కూడా తెలియదు. అందుకే కింద ప్రతిచోటా రిపేరు ముందు, అప్‌గ్రేడ్ తర్వాత.

అన్నిటికంటే ముందు టైరు చూడండి. పక్కన ఉండే నాలుగంకెల కోడ్ 2319 అయితే అది 2019లో 23వ వారం తయారైనది. గోళ్లతో నొక్కితే చెక్కలా తగిలే టైరుకి ఎంత మంచి బ్రేక్ పెట్టినా చక్రం జారడమే త్వరగా జరుగుతుంది.

బ్రేక్ పట్టగానే ముందు భాగం దిగబడిపోతోంది

స్ప్రింగులు కుంగి ఉండాలి, లేదా మీ బరువుకి మొదటి నుంచీ మెత్తనివై ఉండాలి. ఊహించడం ఎందుకు, కొలిచేయండి. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లు. దాని ట్యూబ్‌కి ఒక ప్లాస్టిక్ టై చుట్టండి. ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్క్ పూర్తిగా సాగనిచ్చి, టైని సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) దగ్గరకి జరపండి. చక్రం దింపి, ఒకరిని బైక్ పట్టుకోమని, హెల్మెట్‌తో సహా మీరు కూర్చుని మెల్లగా దిగండి. టై ఎంత దూరం జరిగిందో అదే మీ శాగ్, అంటే మీ బరువుకి ఫోర్క్ కుంగే దూరం. మొత్తం 120-130 మి.మీ. కదిలే రోడ్డు బైక్ ఫోర్క్‌కి 30-40 మి.మీ. సరిపోతుంది. 50 దాటిందంటే స్ప్రింగులు బయటికి తీసి, పొడవుని మాన్యువల్‌లోని కనీస పొడవుతో పోల్చి చూడాలి.

ఇక్కడ చాలామంది పైన ఒక స్పేసర్ ముక్క పెట్టేసి పనైపోయిందనుకుంటారు. స్పేసర్ బైక్‌ని పైకి లేపుతుంది, అంతే. స్ప్రింగ్ గట్టిదనం రవ్వంత కూడా మారదు కాబట్టి బ్రేక్ వేసినప్పుడు కుంగే దూరం దాదాపు అంతే ఉంటుంది. కావలసింది మీ బరువుకి తగ్గ గట్టి స్ప్రింగ్.

రెండో అడ్డదారి చిక్కటి ఆయిల్. పాత ఫోర్కుల్లో ఎక్కువ భాగం డ్యాంపర్ రాడ్ రకం. అంటే లోపల ఆయిల్‌ని అడ్డుకునేవి కొన్ని స్థిరమైన రంధ్రాలే. ఫోర్క్ మెల్లగా కదిలితే ఆయిల్ వాటిలోంచి సులువుగా జారిపోతుంది, అందుకే బ్రేక్ వేస్తే దిగబడుతుంది. గుంత తగిలి వేగంగా కదిలితే అదే రంధ్రంలో ఆయిల్ ఇరుక్కుని రాయిలా మారుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే మొదటి బాధ కాస్త తగ్గి రెండోది రెట్టింపవుతుంది: కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. అసలైన మందు కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వ్. డ్యాంపర్ రాడ్ రంధ్రాల్ని పెద్దవి చేసి, దాన్ని స్ప్రింగ్ కింద కూర్చోబెడతారు. వేగం పెరిగితే వాల్వ్ తెరుచుకుంటుంది కాబట్టి రెండు పరిస్థితుల్లోనూ ఫోర్క్ అదుపులో ఉంటుంది.

ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద చిక్కదనం చెప్పే 10డబ్ల్యూ అంకెని మరీ నమ్మకండి. ఒక కంపెనీ 10 ఇంకో కంపెనీ 10తో సమానం కానక్కర్లేదు. మొదట వాడిన కంపెనీదే మళ్లీ వాడితే పోల్చుకోవడం తేలిక. స్ప్రింగ్ తీసి, ఫోర్క్‌ని పూర్తిగా నొక్కి, పైఅంచు నుంచి ఆయిల్ దాకా ఎంత ఖాళీ ఉందో రెండు వైపులా సమానంగా కొలవండి. ఆయిల్ ఎక్కువైతే మిగిలిన కొద్దిపాటి గాలే గట్టి స్ప్రింగులా పనిచేసి, చివరి దశలో చేతుల్ని అదరగొడుతుంది.

చిన్న గతుక్కే చేతులు అదురుతున్నాయి

ఆయిల్, స్ప్రింగ్ సరిగా ఉన్నా ఇలా ఉంటే ఫోర్క్ రెండు కాళ్లూ సమాంతరంగా లేవేమో చూడాలి. యాక్సిల్‌ని (చక్రం ఇరుసుని) ఫోర్క్‌లో బిగించే పించ్ బోల్టులు వదులు చేసి, ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని ఏడెనిమిది సార్లు కిందకి నొక్కి, అప్పుడు బిగించండి. పైసా ఖర్చు లేని ఈ పనితోనే మెత్తబడిన ఫోర్కులు నేను చాలా చూశాను. మారకపోతే ట్యూబులు విడదీసి గాజు పలక మీద దొర్లించి వంకర ఉందేమో చూడాలి.

ఆయిల్ కారుతుంటే సీల్ మార్చే ముందు ట్యూబ్ మీద గోరు పోనివ్వండి. తుప్పు గుంట తగిలితే కొత్త సీల్ కూడా వారానికే కోసుకుపోతుంది. కారిన ఆయిల్ బ్రేక్ ప్యాడ్‌లకి తగిలిందా, వాటిని పారేయడమే. కడిగితే బాగవుతాయని ఆశపడొద్దు.

బ్రేక్ వేస్తే హ్యాండిల్ దగ్గర టక్‌మని చప్పుడు

కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు. ముందు చక్రం లేపి, ఫోర్క్ కింది చివర్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. ఆట (వదులు) ఉంటే బిగించాలి. హ్యాండిల్ తిన్నగా వచ్చినప్పుడు గంటు దగ్గర ఆగినట్టనిపిస్తే బేరింగ్ రేసులు అరిగాయి, మార్చాల్సిందే. బాల్స్ బదులు టేపర్ రోలర్ బేరింగులు వేయడం ఈ వయసు బైక్‌కి చేసే మంచి మార్పుల్లో ఒకటి.

వెనక భాగం ఊగుతూనే ఉంటోంది

సీటు నొక్కి వదలండి. ఒకసారి పైకొచ్చి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే షాకబ్జర్ల డ్యాంపింగ్, అంటే ఊపుని ఆపే గుణం, పోయింది. ఆర్డర్ పెట్టేముందు వెనక చక్రాన్ని పక్కలకి లాగి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) బుష్‌లు చూడండి. అవి అరిగి ఉంటే ఎంత మంచి షాకబ్జరైనా మలుపులో తోక ఊపడం ఆపదు.

కొత్తవాటి పొడవు కంటి నుంచి కంటికి (రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య) కొలిచి, పాతదానితో సరిపోయేదే తీసుకోండి. 20 మి.మీ. పొడవు పెరిగినా వెనక లేచి, ముందు ఫోర్క్ నిటారై, హ్యాండిల్ తేలికగా, కాస్త కంగారుగా తిరుగుతుంది. సైడ్ స్టాండ్ మీద నిలబెడితే బైక్ ఎక్కువగా వాలుతుంది కూడా.

బ్రేక్ లివర్ స్పాంజిలా ఉంది

గాలి, పాత ఫ్లూయిడ్, ఉబ్బే రబ్బరు హోసు. వెతకాల్సింది ఈ వరసలోనే. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి దిగిపోతుంది. వాలు దిగేటప్పుడు వేడికి ఫ్లూయిడ్ మరిగి లివర్ ఒక్కసారిగా హ్యాండిల్ దాకా వచ్చేది ఇందుకే. రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, డాట్ 4తో కలపకూడదు. డాట్ 5.1 కలిపినా ఫర్వాలేదు. పేర్లు అలా పెట్టినవాళ్లని ఏమనాలో!

ఎంత బ్లీడ్ చేసినా (నిపుల్ తెరిచి ఫ్లూయిడ్‌తో పాటు గాలిని బయటికి పంపినా) గాలి పోకపోతే, అది మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఫ్లూయిడ్‌ని తోసే భాగం) దగ్గర హోసుని బిగించే బాంజో బోల్టులో దాక్కుని ఉండొచ్చు. కింద గుడ్డ పెట్టి, లివర్ నొక్కి ఆ బోల్టుని కొద్దిగా వదులు చేసి బిగించండి. ఫ్లూయిడ్ పెయింటుని తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. హోసులు మార్చాల్సి వస్తే స్టీల్ అల్లిక ఉన్నవి వేయండి. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే.

లివర్ రాయిలా గట్టిగా ఉంది, బైక్ ఆగదు

ప్యాడ్‌లు గాజులా మెరుస్తుంటే, లేదా కాలిపర్ (ప్యాడ్‌లని డిస్క్‌కి నొక్కే భాగం) పిస్టన్లు తుప్పుకి బిగుసుకుంటే ఇలా అవుతుంది. పిస్టన్లు తీసి, సీల్ కూర్చునే గాడిలో పేరుకున్న తెల్లటి పొడిని గీకి, కొత్త సీల్స్ వేయాలి.

కానీ మార్పులు చేసిన బైకుల్లో అసలు దోషి మాస్టర్ సిలిండరే. నేనూ ఒకసారి ఈ బోనులో పడ్డాను. 14 మి.మీ. పిస్టన్ ఉన్నదాన్ని తీసి, దొడ్డగా అందంగా ఉందని 5/8 అంగుళాలది, అంటే 15.9 మి.మీ.ది వేశాను. లివర్ ఎంత గట్టిగా ఉందో అని మురిసిపోయాను. మొదటి కూడలిలోనే నాలుగు వేళ్లూ వేసి పిండాల్సొచ్చింది. లెక్క చూస్తే తేలిక: వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి ఆ చిన్న తేడాకే 29 శాతం పెరిగింది. లివర్ పొడవు అంతే, చేతి బలం అంతే కనుక లోపలి ఒత్తిడి 22 శాతం పడిపోయింది. గట్టి లివర్ అంటే మంచి బ్రేక్ అనుకోవడం అలవాటైన భ్రమ. చిన్న మాస్టర్‌కి లివర్ ఎక్కువ దూరం వస్తుంది, బలం పెరుగుతుంది. పెద్దదానికి ఇది తిరగబడుతుంది. ఒక డిస్క్ నుంచి రెండు డిస్కులకి వెళ్లినప్పుడు పెద్దది నిజంగానే కావాలి.

బ్రేక్ వదిలినా చక్రం తిరగట్లేదు

చక్రం పట్టేసి ఉండగానే, మాస్టర్ దగ్గర బాంజో బోల్టు కాస్త వదులు చేయండి. చక్రం వదిలితే తప్పు మాస్టర్‌లోనే, ఎక్కువగా ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లే సన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. వదలకపోతే కాలిపర్ నిపుల్ తెరవండి. ఇప్పుడు వదిలితే హోసు లోపల వాచింది. అప్పటికీ వదలకపోతే పిస్టన్లే.

బ్రేక్ వేస్తే లివర్ చేతిలో కొట్టుకుంటోంది

డిస్క్ వంకర, లేదా ఒక్కోచోట ఒక్కో మందం. డయల్ గేజ్‌తో కొలవండి, చాలా మాన్యువళ్లలో హద్దు 0.3 మి.మీ. డిస్క్ మీద చెక్కిన కనీస మందం కంటే పల్చబడితే మార్చడమే. డ్రమ్ అయితే గుండ్రం తప్పింది, హబ్ మీద ముద్రించిన గరిష్ఠ వ్యాసం దాటకుండా లేత్ పట్టించవచ్చు.

డ్రమ్ బ్రేక్ పట్టు చాలట్లేదు

డిస్క్‌కి మార్చేముందు దీనికి ఒక్క అవకాశమివ్వండి. షూలకి సుద్ద రాసి, బ్రేక్ వేసి తిప్పి చూస్తే లైనర్ ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. అంచులే తగిలితే సానపట్టి కుదర్చాలి. బ్రేక్ పూర్తిగా వేసినప్పుడు క్యామ్ లివర్‌కీ (షూలని తెరిచే చేతికీ) కేబుల్‌కీ మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉండాలి, దాటిపోతే బలం వృథా. రెండు క్యామ్‌ల రకంలో మధ్య రాడ్ సర్ది, రెండు షూలూ ఒకేసారి తగిలేలా చూడండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి దుమ్ము లేపకుండా తడి గుడ్డతో తుడవండి.

డిస్క్ పెట్టడానికి వేరే బైక్ ఫోర్క్ తెచ్చే ఆలోచన ఉంటే, స్టెమ్ (ఫోర్క్‌ని ఫ్రేముకి కలిపే నిలువు కడ్డీ) పొడవు, బేరింగ్ సైజు, ఫోర్క్ పొడవు మూడూ కుదిరితేనే ముందుకెళ్లండి. బ్రేక్ బలమంతా చివరికి ఆ ఫోర్కే మోస్తుంది. అందుకే ఫోర్క్ పని పూర్తయ్యాకే బ్రేక్ పని. రెండూ ఒకే రోజు ముట్టుకోకండి.

కొత్త ప్యాడ్‌లు వేశాక ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కి.మీ. వేగానికి పదిహేను సార్లు మోస్తరుగా తగ్గించండి, వేడి మీద లివర్ పట్టుకుని నిలబడొద్దు. వంద కిలోమీటర్లు తిరిగాక బాంజో బోల్టుల దగ్గర చెమ్మ ఉందేమో చూసి, శాగ్ మళ్లీ ఒకసారి కొలవండి. కొత్త స్ప్రింగులు కాస్త కుదురుకుని ఉంటాయి.