కట్టించుకున్న సైకిల్ మొరాయిస్తే: పార్టు కొనేముందు చూడాల్సినవి

కొలతలిచ్చి స్టీలు ఫ్రేము చేయించుకుని, మిగతావన్నీ ఒక్కొక్కటే ఏరి బిగించుకున్న సైకిల్ నాది. ఆరేళ్లుగా కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి దానిమీదే, మధ్యలో కూరగాయలు, ఆదివారం మట్టిదారులు కూడా. దీనికి మోడల్ పేరంటూ లేదు కాబట్టి షాపుకెళ్తే "ఇది ఏ సైజన్నా?" అని వాళ్లే నన్నడుగుతారు. అందుకే కొలతలు ఫోన్‌లో రాసి పెట్టుకున్నా: సీట్ పోస్టు (సీటు కింది గొట్టం) 27.2 మిల్లీమీటర్లు, వెనక ఇరుసు వెడల్పు 135, రిమ్ము 622, బాటమ్ బ్రాకెట్ (రెండు పెడల్ కాడల మధ్య తిరిగే ఇరుసు, దాని బేరింగులు) 68, దానికి ఇంగ్లిష్ మర అనే రకం. మీ బండివి వేరుగా ఉండొచ్చు, కొలిచి రాసుకోండి.

తొక్కుతుంటే కిర్రుమంటోందా?

ఎవర్నడిగినా ముందు బాటమ్ బ్రాకెట్ పోయిందనే అంటారు. నేనూ నమ్మి కొత్తది తెప్పించి వేయించా, కిర్రు అలాగే ఉంది! చివరికి చూస్తే సీట్ పోస్టు. లేచి నిలబడి తొక్కండి, శబ్దం ఆగిపోతే తప్పు సీటుదో పోస్టుదో. పోస్టు బయటికి తీసి తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ దించండి, ఏడాదికోసారైనా ఈ పని చేయకపోతే స్టీలు ఫ్రేములో అల్యూమినియం పోస్టు పట్టేసి ఇక ఊడిరాదు.

నిలబడినా కిర్రుమంటుంటే పెడల్స్ విప్పి మరలకి గ్రీజు పెట్టండి. ఎడమ పెడల్‌కి ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది (దీన్ని మర్చిపోయి స్పానర్ మీద ఎక్కి నిలబడ్డవాళ్లున్నారు, ఒకడు నేనే). అప్పుడూ పోకపోతే క్రాంకుని (పెడల్ బిగించే కాడని) పట్టుకుని అడ్డంగా ఊపి చూడండి. ఒక్కవైపే కదిలితే బోల్టు వదులైంది, రెండూ కలిసి కదిలితే అప్పుడు బాటమ్ బ్రాకెట్ కొనండి. ఇంగ్లిష్ మరది అయితే కుడివైపు కప్పు (బేరింగుని పట్టి ఉంచే రింగు) కూడా ఎదురు మరే.

గట్టిగా తొక్కితే చైను జారుతోందా?

ఒక్క గేరులోనే జారితే మొదట గేరు కేబుల్ సర్దండి. చాలా గేర్లలో జారితే చైను సాగిందేమో చూడాలి. పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం, కాబట్టి స్టీలు స్కేలు పెట్టి కొలిస్తే 24 లింకులకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో 16వ వంతు, పాతవాళ్ల లెక్కలో వీసం, ఎక్కువొస్తే చైను మార్చేయండి. 8వ వంతు దాకా ఆగారంటే వెనక పళ్లూ అరిగిపోయి ఉంటాయి, కొత్త చైను వేసినా జారుతుంది, రెండూ మార్చాల్సిందే.

వెనక చక్రం పుల్లలు తెగుతున్నాయా?

ఒకటి తెగితే పంక్చర్ షాపులో వేయించి బెండు తీయించుకోండి, చాలు. వరసగా మూడోది కూడా హబ్బు దగ్గర వంపులోనే తెగిందంటే పుల్లల బిగువు సరిగా లేదు, చక్రం తిరిగిన ప్రతిసారీ వదులై బిగుసుకుని అలసిపోతున్నాయన్నమాట, పైగా క్యారియర్ మీద బరువు. అప్పుడు ఒక్కొక్కటే అతికిస్తూ కూర్చోకుండా మొత్తం చక్రాన్ని కొత్త పుల్లలతో అల్లించండి. గేర్ల చక్రానికి కుడి, ఎడమ పుల్లల పొడవు సాధారణంగా వేరు, రెండూ కొలిచి తెప్పించుకోండి.

డిస్క్ బ్రేకు అరుస్తోంది, పట్టడం లేదా?

చైనుకి కొట్టిన స్ప్రే డిస్కు మీద పడి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్కు తుడిచి, ప్యాడ్లని సాండ్ పేపరు మీద రుద్దండి. నూనె లోపలికి పీల్చుకుని ఉంటే ప్యాడ్లు పారేయడమే.

అదే చోట మళ్లీ పంక్చరా?

ముల్లు ఇంకా టైర్లోనే ఉంది. ట్యూబులో బెజ్జం ఎక్కడుందో టైరుకి సరిచూసుకుని, లోపల దూది రాసుకుంటూ వెళ్లండి, పల్లేరు ముల్లు ఎంత చిన్నదైనా దూది అక్కడ తట్టుకుంటుంది.

వానాకాలం అయ్యాక పోస్టు తీస్తే ఫ్రేములో నీళ్లా?

బాటమ్ బ్రాకెట్ కింద బెజ్జం ఉంటే అది మట్టితో మూసుకుపోయి ఉంటుంది, సన్న తీగతో పొడవండి. సైకిల్‌ని తలకిందులు చేసి ఒక పూట ఎండలో ఉంచి, లోపల పల్చగా నూనె తిరిగేలా పోసి, అప్పుడు పోస్టు దించండి.